రెండుసార్లు వేసిన మందు

పాలు తాగేటప్పుడు పాపకు చెమటలు పట్టడం మొదట గమనించింది తల్లే. రెండు గుక్కలు తాగేది, ఆయాసంతో వదిలేసేది. మూడు నెలలొచ్చినా ఒళ్లు చేయలేదు. పిట్టంత ఉందని ఇంట్లో అందరూ పిచిక అనేవారు.

పిల్లల గుండె డాక్టరు స్కాన్ చేసి, కాగితం మీద బొమ్మ గీసి చూపించింది.

"గుండెలో కింది రెండు గదుల మధ్య గోడకు చిల్లుందమ్మా. ఒంటికి వెళ్లాల్సిన రక్తం చాలావరకు ఊపిరితిత్తుల్లోకి పోతోంది. గుండె రెట్టింపు చాకిరీ చేసి అలిసిపోతోంది. కాస్త బరువు పెరిగాక ఆపరేషన్ చేసి మూసేస్తాం. అందాకా మందులతో నెట్టుకురావాలి."

ఒంట్లో నీరు తీయడానికి ఒక మందు, గుండెకు బలానికి ఇంకొకటి. రెండోదాని గురించి మరీ మరీ చెప్పింది. "చుక్క ఎక్కువైనా ప్రమాదం. కక్కినా మళ్లీ వేయకండి."

పదిహేను రోజులు బాగానే గడిచాయి. ఒక ఉదయం తల్లి ఎనిమిదింటికి ఆ గుండె మందు వేసి స్నానానికి వెళ్లింది. అప్పుడే తండ్రి బస్సు డ్యూటీ దిగి వచ్చాడు. బల్ల మీద సిరంజి ఖాళీగా కనిపించింది. హడావిడిలో భార్య మందు నింపడమే మర్చిపోయిందనుకుని, కొలత చూసి మరీ వేశాడు.

"మందు వేసేశాలే," అన్నాడు ఆమె రాగానే.

ఆమె చేతిలో తువ్వాలు జారిపోయింది. "నేను వేసే వెళ్లాను గదండీ."

బస్సు నడిపే మనిషికి తాళంలో చెవి దూర్చడం చేతకాలేదు. తలుపు అలాగే వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తారు.

పాప ఛాతీకి వైర్లు అంటించారు. తెర మీద గుండె కొట్టుకునే అంకె నూట ముప్పై నుంచి నూట పదికి, తర్వాత తొంభై ఆరుకి దిగింది. పాప ఒకసారి కక్కింది.

"నేనే చేశాను డాక్టరమ్మా," అన్నాడు తండ్రి.

"వెంటనే తెచ్చారు, దాచకుండా చెప్పారు. విరుగుడు మందు తెప్పించి పెట్టాను. ఇంకా దిగితే ఇస్తాం."

ఇద్దరూ మంచినీళ్లు కూడా ముట్టలేదు. అంకె దిగినప్పుడల్లా తల్లి గోళ్లు అతని చేతిలో దిగాయి. మధ్యాహ్నం దాటాక నూట నాలుగైంది. సాయంత్రానికి నూట ఇరవై. విరుగుడు అక్కర్లేకపోయింది.

రెండు రోజులు ఆపి ఆ మందు మళ్లీ మొదలుపెట్టారు. తల్లి సిరంజి భర్త చేతికిచ్చింది.

"నావల్ల కాదే," అన్నాడతను.

"నేనొక్కదాన్నే మొయ్యలేనండీ. వేయండి."

వేశాడు.

రెండున్నర నెలలకు ఆపరేషన్ జరిగింది. నాలుగు గంటలు పట్టింది. బయటికొచ్చిన డాక్టరు మాస్కు తీసి, "చిల్లు మూసేశాం," అంది. ఆ మాట విన్నాక కూడా తండ్రి గోడకు ఆనుకునే నిలబడ్డాడు, తల్లి చెయ్యి పట్టుకుని పాప దగ్గరికి లాగేదాకా.