మార్త చేతిలో పళ్ళెం

“టీ తెచ్చినావా? అక్కడ పెట్టి నీడలు కానీయ్. మొహాలు నేనేసేసినా” అన్నాడు రాజ్ కుమార్, ఎప్పటిలాగే.

అబిగయీలు ఫ్లాస్కు కింద పెట్టి, కొంగు దోపుకుని బ్రష్షు అందుకుంది. తోటపల్లి గూడూరు చర్చి గోడ మీద, మార్త ఇంటికొచ్చిన యేసు బొమ్మ. కిటికీ వెలుగంతా ఆయన మీదా, పాదాల దగ్గర కూర్చుని వింటున్న చెల్లెలు మరియ మీదా పడుతోంది. అక్క మార్త ఆయన పక్కనే, వంటింటి గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడింది.

“మార్త మొహం చీకట్లో ఉండాల. పాస్టర్ గారు మరీమరీ చెప్పినారు” అని మొగుడు బయటికెళ్ళాడు.

ఆ పాస్టర్ గారి సంగతి ఆమెకు తెలియంది కాదు. “మార్త మాదిరి గిన్నెల చుట్టూ తిరగబాకండమ్మా, వాక్యం వినండి” అని గంటసేపు బోధిస్తారు. ఆమెన్ అన్న మరుక్షణం, “ప్రేమవిందుకి రెండొందల మంది, ఆడోళ్ళు వంటకి లేవండమ్మా” అంటారు. నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

మొగుడూపెళ్ళాలకు తప్ప ఎవరికీ తెలియని మాట ఒకటుంది. రాజ్ కుమార్‌కు చేతులు వెయ్యడం రాదు. వేళ్ళు బెండకాయల్లా వస్తాయి. అందుకే పద్దెనిమిదేళ్ళుగా చేతులన్నీ అబిగయీలువే. ఎడమచెయ్యి వెలుతురులోకి చాచి, దాన్ని చూసుకుంటూ కుడిచేత్తో వేస్తుంది. “ఆ చేతిలో ఎంత దయుందో చూడు రాజ్ కుమారూ!” అని జనం మెచ్చుకుంటుంటే, వెనకాల డబ్బాలు కడుగుతూ ఉంటుంది. బొమ్మ కింద పేరు మాత్రం రాజ్ కుమార్ ఆర్ట్స్.

మార్త చెంప దగ్గరికి నల్లరంగు తీసుకెళ్ళి ఆగిపోయింది. పళ్ళెం పట్టుకున్న వేళ్ళు పొద్దున తను వేసినవే, చూపుడువేలి మీద గంజి పడి కాలిన మచ్చతో సహా. నన్ను నేనే చీకట్లోకి తోసుకుంటున్నానా అనుకుంది. ఏడుపొచ్చింది.

నల్లరంగు పక్కన పెట్టి, పసుపులో తెలుపు కలిపింది. బొమ్మలో వంటింటి పొయ్యి వెలుగు మార్త మొహం మీద పడింది. బోధిస్తూ పైకెత్తిన ప్రభువు చెయ్యి ఇంకా సుద్దగీతే. దాన్ని తడిగుడ్డతో తుడిచి, తన చెయ్యి చాచి చూసుకుంటూ, మార్త వైపు తిప్పి వేసింది.

రాజ్ కుమార్ తిరిగొచ్చేసరికి ఆ చెయ్యి పళ్ళెం అందుకుంటోంది.

“ఏందే ఇది? ప్రభువు చేత పళ్ళెం పట్టిచ్చినావు!”

“ఆయన అందుకుంటేనే గదా, మార్త గూడా కూర్చునేది.”

“పాస్టర్ గారు చూస్తే ఇంకేమన్నా ఉందా! తుడిచేసి, చెయ్యి మళ్ళా పైకెయ్యి.”

అబిగయీలు బ్రష్షు కడిగి, తుడిచి, అతని చేతిలో పెట్టింది.

“నువ్వే ఎయ్యి” అని, కిటికీ వెలుగు పడుతున్న చోట చాప మీద కూర్చుని, ఫ్లాస్కులోని టీ తనకు పోసుకుంది.