నమ్మకం మీద పరిశోధన

తెలంగాణ ఉద్యమాన్ని ఆపడానికి క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు ముళ్ళకంచె వేసినప్పటి నుంచి కొరియర్ వాళ్ళు హాస్టళ్ళకు రావడం మానేశారు. అందుకే బుచ్చిరాములు తన మొదటి ఆన్‌లైన్ ఆర్డర్‌కు తార్నాకలో ఉండే క్లాస్‌మేట్ సాత్విక్ ఇంటి అడ్రసు ఇచ్చాడు. కానిస్టేబుల్ పరుగు పరీక్ష కోసం తెప్పించుకుంటున్న బూట్లు అవి. ఆన్‌లైన్‌లో కొనమని ఒప్పించింది కూడా సాత్వికే. ఏ దేశంలో జనం ఈ కొనుగోళ్ళకు అలవాటు పడతారు, ఎక్కడ పడరు, ఎందుకు అన్నదే అతని పరిశోధన.

“కొరియాలో నెట్ స్పీడు. జర్మనీలో వస్తువు చూసుకున్నాక డబ్బు కట్టే వీలు. మన దగ్గర సమస్యల్లా నమ్మకమేరా,” అనేవాడు.

పార్సిల్ వచ్చిందని సాత్విక్ ఫోన్ చేయగానే బుచ్చిరాములు ఉరుకుతూ వెళ్ళాడు. విప్పితే పాత పేపర్లలో చుట్టిన ఇటుక ముక్క.

“ఏంది బయ్ ఇది?”

“కొరియర్ వాళ్ళ పనేరా. దారిలోనే మార్చేస్తారు,” అన్నాడు సాత్విక్. “ఇప్పుడేం చేస్తావ్? కంపెనీకి ఫోన్ చేస్తావా?”

“కంపెనీ ఏడున్నదో నాకేం ఎర్క? తెచ్చినోడు దొరుకుతడు గదా!”

తెచ్చినవాడు పేరయ్య, ఆ వీధిలో రోజూ పార్సిళ్ళు పంచే నడివయసు మనిషి. మర్నాడు తార్నాక చౌరస్తాలో కొరియర్ సంచితో కనిపించాడు. తెలంగాణ ర్యాలీ అప్పుడే ముగిసింది, జనం ఇంకా చెదరలేదు. బుచ్చిరాములు అతని కాలరు పట్టుకుని “దొంగ” అని అరిచాడు.

“సీలు సుత ముట్టలేదు సార్. మీ దోస్తునే అడుగుండ్రి...”

మొదటి దెబ్బ బుచ్చిరాములుదే. ఆ తర్వాతివి ఎవరివో తెలియదు. పేరయ్య కుడి మణికట్టు విరిగింది. రోడ్డుకు అవతల నిలబడి సాత్విక్ అంతా చూశాడు.

పేరయ్యను పనిలోంచి తీసేశారు. బుచ్చిరాములు ఇరుకైన అరువు బూట్లతో పరుగెత్తి పరీక్ష తప్పాడు.

కొన్నాళ్ళకు డిపార్ట్‌మెంట్‌లో సెమినార్ జరిగింది. సాత్విక్ మాట్లాడుతుంటే బుచ్చిరాములు ముందు వరుసలో కూర్చుని విన్నాడు.

“మోసపోయినవాడు వేరే దేశాల్లో కంపెనీకి ఫిర్యాదు చేస్తాడు. ఇక్కడ వస్తువు తెచ్చినవాడి మీద పడతాడు. ఒక పార్సిల్‌లో వస్తువు నేనే మార్చి చూశాను. ఆ కొనుగోలుదారు అన్న మాట ఇది: తెచ్చినోడు దొరుకుతడు గదా!”

యాసతో సహా అన్నాడు. హాలంతా నవ్వింది.

బయటికి రాగానే బుచ్చిరాములు అడ్డం నిలబడ్డాడు.

“పేరు చెప్పలేదుగా! నీ బూట్లు ఇంట్లోనే ఉన్నాయి, తీసుకెళ్ళు,” అన్నాడు సాత్విక్.

“ఆయనను కొడుతుంటే సూస్కుంట నిలబడ్డవు గదరా!”

“కొట్టింది నేను కాదు కదా.”

బుచ్చిరాములు బూట్ల కోసం వెళ్ళలేదు.

సాయంత్రం బౌద్ధనగర్‌లో పేరయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. పేరయ్య భార్య భూదేవి తలుపు తీసింది. లోపల చాప మీద పేరయ్య, వంకరగా అతుక్కున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

“అక్కా, మీ ఆయన దొంగతనం చెయ్యలేదు. నేనే అన్యాయంగ కొట్టిన. నా దోస్తే పార్సిల్ మార్చిండు.”

భూదేవి అతన్ని ఎగాదిగా చూసి భర్త వైపు తిరిగింది.

“ఏమిస్తనని తోల్కొచ్చినవ్ ఈయనను? గీ మాట చెప్పనీకి?”

“ఒట్టు అక్కా...”

పేరయ్య ఎడమ చెయ్యెత్తి ఆపాడు. “పో సార్. నువ్వు చెప్పినకొద్ది నేనే బద్నామైత.”

భూదేవి తలుపు మూసేసింది. లోపలి నుంచి ఆమె గొంతు వినబడుతూనే ఉంది.

“ఇగనన్న నిజం చెప్పు.”