నాకు కరగడం చేతకాదు

నేను ఒక రాగి పోగుని. జానెడు పొడవు, చీపురుపుల్లంత లావు. నా పని మోయడం. కరెంటైనా వేడైనా ఈ కొసన అందుకుని ఆ కొసన అప్పజెప్పేస్తాను. నా లోపల ఎలక్ట్రాన్లనే బుల్లి జనం ఒకచోట కాలు నిలపకుండా తిరుగుతుంటారు, మోసేదంతా వాళ్లే. ఈమాత్రం తెలియని మనుషుల చేతిలో పడ్డాను, అదీ నా ఏడుపు.

కార్ఖానాలో నన్ను సాగదీసి, చిల్లుల్లోంచి లాగి, మరో ఆరుగురితో కలిపి ఒకే తొడుగులో పెట్టారు. అక్కడే ఉంటే బాగుండేది. బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో పిండిమర నడిపే పోలినాయుడు చాకుతో తొడుగు చీల్చి నన్నొక్కదాన్నీ బయటికి లాగాడు.

వాళ్ల ఫ్యూజు ఆ వారంలో మూడుసార్లు పోయింది. ఫ్యూజులో ఉండాల్సింది సన్నటి తీగ. కరెంటు హద్దు దాటితే అది వేడెక్కి కరిగి తెగిపోవాలి. అది తెగితేనే మోటారు బతుకుతుంది. కానీ చోళ్ల గింజల సంచులతో ఆడవాళ్లు బారులు తీరి సణుగుతుంటే పోలినాయుడికి ఇవన్నీ పట్టలేదు. పింగాణీ ఫ్యూజులో స్క్రూలకి నన్ను చుట్టి, "ఇంక సచ్చినా తెగదు, సూడండి!" అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. లావుపాటి రాగికి అంత తేలిగ్గా వేడెక్కడం రాదయ్యా అని మొత్తుకున్నా వినేదెవరు?

ఒకరోజు ఎవరో తడి ఆరని చోళ్లు పోశారు. తడిపిండి అంటుకుని మరలోని తిరగలి రాళ్లు పట్టేశాయి. మోటారు తిరగలేక మూలుగుతూ రెండింతల కరెంటు లాగింది. అదంతా నా మీదుగానే పోయింది. కరగాలని చూశాను, నిజంగా ప్రాణం పెట్టి చూశాను. గోరువెచ్చనయ్యాను, అంతే. అవతల మోటారు చుట్టలో ఉన్నదీ రాగే, నా వాళ్లే. సన్నగా, బారెడు బారెడు పొడవున ఉన్న వాళ్లు ఉడికిపోయారు. వాళ్ల ఒంటిమీది పూత కాలి పొగ లేచింది. పోలినాయుడి పెళ్లాం దాలమ్మ పరుగున వచ్చి స్విచ్చి ఆపేసరికే అంతా అయిపోయింది.

ఆ ఇంటికి మర తప్ప వేరే ఆధారం లేదు. మూడు వారాలు మూతపడింది. మోటారు విప్పిన మెకానిక్ రాజారావు ఫ్యూజులోంచి నన్ను పీకి చూపించాడు. నా మీద చిన్న మచ్చ కూడా లేదు. "ఈ పాడు తీగే నా మరని మింగీసింది!" అని దాలమ్మ నన్ను కాలిన చుట్టతోపాటు మూలకి విసిరింది. నా పని నేను వంక లేకుండా చేసినందుకు తిట్లు!

కొత్త చుట్టతో మోటారు వచ్చింది, ఫ్యూజులో సన్నతీగ పెట్టారు. నాలుగోరోజే అది కరిగింది. "పనికిమాలింది" అని విసుక్కుంటూ పోలినాయుడు తిన్నగా మూలకి వచ్చి నన్నే తీశాడు! దాలమ్మ అడ్డం నిలబడింది.

"ముందు మోటారు మీద సెయ్యెట్టి సూడు."

పెట్టాడు. "అమ్మో!" అని ఎగిరి వెనక్కి దూకాడు. రాళ్లు మళ్లీ పట్టేశాయని అర్థమై, నన్నక్కడే పడేసి వాటిని విప్పడానికి పోయాడు.

అన్నాళ్లు నేను గొంతు చించుకున్నా అతని బుర్రకి ఎక్కనిది, మోటారు ఇనుప ఒళ్లు ఒక్క చురకతో ఎక్కించింది. వేడి మోయడంలో ఇనుము నా కాలిగోటికి సరిపోదు. అయినా మాట దానిదే చెల్లింది.