ముసురు రోజు, పడవ బ్యాటరీ

నిజాంసాగర్ నీళ్లు ఊరి అంచు దాకా వచ్చిన ఏడాది అది, 2013. చేపలు పట్టే లక్ష్మీరాజం తన పడవకు కొత్తగా మోటారు పెట్టించుకున్నాడు. మోటారు కదలాలంటే బ్యాటరీ ఉండాలి. అది దిగిపోయినప్పుడల్లా చార్జింగ్ కోసం బస్సులో వేసుకుని ఎల్లారెడ్డికి మోసుకుపోవాల్సి వచ్చేది. మామ తిప్పలు చూడలేక అల్లుడు చక్రధర్ పడవ బ్యాటరీల కోసమే చేసిన చార్జర్ ఒకటి తెచ్చిచ్చాడు. చక్రధర్‌కు కామారెడ్డిలో బండ్లకు కరెంటు పని చేసే దుకాణం ఉంది.

ఇచ్చిన రోజే అరుగు మీద కూర్చుని అన్నీ విడమరిచి చెప్పాడు. బ్యాటరీని గాలి ఆడే చోటే పెట్టాలి. ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్లది మైనస్‌కు తగిలించాకే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. చార్జింగ్ అవుతుంటే లోపలి నుంచి గ్యాస్ వస్తుంది కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు. లక్ష్మీరాజం శ్రద్ధగా విన్నాడు. గడపకు ఆనుకుని బీడీలు చుడుతున్న యాదవ్వ చెయ్యి ఆపకుండానే భర్తతో పాటు విన్నది.

కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. తర్వాత ముసురు పట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు రాగానే లక్ష్మీరాజం ఎప్పటిలాగే బ్యాటరీని అరుగు మీద పెట్టి చార్జర్ తగిలించాడు. కాసేపటికి గాలి మళ్లి జల్లు అరుగు మీదికి కొట్టసాగింది. తడికి కరెంటు తగిలితే ప్రమాదమని అతనికి భయం వేసింది. స్విచ్ ఆపి, బ్యాటరీని, చార్జర్‌ను లోపలి గదిలోకి చేర్చి, వైరు కిటికీ సందులోంచి అరుగు మీది స్విచ్ బోర్డుకు లాగాడు. మళ్లీ స్విచ్ వేసి, జల్లు రాకుండా కిటికీ, తలుపు దగ్గరగా వేశాడు. ఆ గదిలోనే మంచం మీద అతని తల్లి హన్మవ్వ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. పడవలో నిండిన వాన నీళ్లు తోడెయ్యాలని అతను ఒడ్డుకు వెళ్లిపోయాడు. వెనక వంటపాకలో ఉన్న యాదవ్వకు ఇదేమీ తెలియదు.

ఆమె దిగులు వేరే. చుట్టిన బీడీలన్నీ చెమ్మగిల్లాయి. మెత్తబడ్డ బీడీలను కార్ఖానాలో తీసుకోరు. కుంపట్లో నిప్పులు వేసుకుని గదిలో పెడితే వేడికి ఆరతాయి, ముసలమ్మకూ వెచ్చగా ఉంటుందనుకుంది. కుంపటిని గుడ్డతో పట్టుకుని వచ్చి, కాలితో తలుపు తోసింది.

కుళ్లిన కోడిగుడ్ల కంపు ముఖానికి కొట్టింది. లోపల చీకట్లో ఏదో బుడబుడమంటోంది. హన్మవ్వ దగ్గుతూ, ఎలుక చచ్చిందేమో చూడమని గొణిగింది. అరుగు మీది బోర్డు నుంచి కిటికీ సందులోకి వెళ్లిన వైరు యాదవ్వ కంటపడింది. అది ఎటు పోతోందో చూసేసరికి ఆమెకు అల్లుడి మాట గుర్తొచ్చింది. ఎత్తిన కాలు అట్లాగే వెనక్కి తీసుకుంది. కుంపటిని వాకిట్లోకి తీసుకుపోయి దూరంగా వానలో పెట్టింది. నిప్పులు చుర్రుమని ఆరిపోయాయి.

అరుగు మీది నుంచే చక్రధర్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"నిప్పులు యాడున్నయి అత్తా?" అని ముందు అదే అడిగాడు.

"వాకిట్ల, వానల పెట్టిన. సల్లారినయి."

"మంచి పని జేసినవ్. ఇగ అరుగు మీది స్విచ్ బంద్ చెయ్యి. లోపల లైటు, ఫ్యాను ముట్టకు. క్లిప్పులు అసలే ముట్టకు. తలుపు బార్లా తెరిచి అవ్వను బయటికి తీస్కరా. నేను వస్తున్న."

యాదవ్వ స్విచ్ ఆపింది. తలుపు పూర్తిగా తెరిచి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. ఈ వానలో ఎటు పోతామని హన్మవ్వ మొండికేసింది. వాదించే సమయం లేదు. ఆమెను దుప్పటితో సహా లేపి, నడుము చుట్టూ చెయ్యి వేసి, పక్కింటి గంగామణి పంచలోకి నడిపించింది. తిరిగి వెళ్లి కిటికీ తలుపులు బయటి నుంచే లాగి తెరిచింది. చల్లగాలి ఒక పక్క నుంచి చొరబడి మరో పక్కకు పోవడం చూశాక గానీ ఆమె కూర్చోలేదు. గంగామణి చాయ్ ఇస్తే అప్పుడు తాగింది.

లక్ష్మీరాజం వచ్చేసరికి ఇల్లంతా తెరిచి ఉంది, మనుషులు లేరు. తల్లి దగ్గు పక్కింట్లో వినబడ్డాక అతనికి ప్రాణం లేచొచ్చింది. జరిగింది విని గోడకు జారగిలబడ్డాడు.

"వాన తగుల్తదని భయపడ్డ. గాలి సంగతి మర్శిపోయిన" అన్నాడు.

తల తుడుచుకోమని యాదవ్వ కొంగు అందించింది.

పొద్దుగూకక ముందే చక్రధర్, వెనక అతని భార్య రమ్య, బైకు మీద తడిసి ముద్దయి వచ్చారు. రమ్య తల్లిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గదిలో కంపు పోయి, బ్యాటరీ చల్లారిందని నమ్మకం కుదిరాక చక్రధర్ క్లిప్పులు విప్పి దాన్ని బయటికి తెచ్చాడు. ఒక పక్క ఉబ్బిపోయింది. ఒక గడిలో నీళ్లు ఎండిపోయాయి. లోపల చెడిపోయిన బ్యాటరీ, అందుకే అంతగా ఉడికిందని చెప్పాడు. ఇక దీన్ని చార్జింగ్ పెట్టేది లేదని, వేరేది తెస్తానన్నాడు. అరుగు పక్కన నాలుగు గుంజలు పాతి పైన రేకు వేసుకుంటే వాన పడదు, గాలి ఆగదని మామకు చోటు కూడా చూపించాడు. లక్ష్మీరాజం అప్పుడే గుంజల కోసం బయల్దేరబోతే అందరూ కలిసి కూర్చోబెట్టారు.

ఆ పూట గంగామణి ఇంట్లోనే వేడివేడి అన్నం, చేపల పులుసు. హన్మవ్వ రెండోసారి పులుసు పోయించుకుంటూ, "నన్ను గట్ల గుంజుకస్తే నడుం పట్టింది గానీ, మంచిగనే గుంజినవ్ బిడ్డా" అన్నది. యాదవ్వ నవ్వబోయి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. తర్వాత చెయ్యి కడుక్కుని కంచం ముందు కూర్చుంది. కడుపునిండా తిన్నది.