ఖాళీగా పంపని సీసా

బ్లాంకులో ఏమీ ఉండకూడదు. అందుకే దానికి ఆ పేరు. ల్యాబులో శుద్ధి చేసిన నీళ్ళని ఒక సీసాలో పోసుకుని, నమూనాలు తీసే చోటికి వెంట తీసుకెళ్ళి, అక్కడి గాలి తగిలేట్టు కాసేపు మూత తీసి ఉంచి, మళ్ళీ బిగించి వెనక్కి తెస్తారు. పరీక్షలో ఆ నీళ్ళు ఖాళీగా కనపడితే మిగతా నమూనాల్ని నమ్మొచ్చు. వాటిలోనూ ఏదైనా కనపడిందా, తెచ్చినవాళ్ళ చేతులే మురికివని అర్థం. అన్నీ పారబోసుకుని మొదటికి రావాల్సిందే.

నజ్మీన్ తెచ్చిన బ్లాంకులో కనపడింది. ఏదో పిసరంత అయితే సర్దుకోవచ్చు. ఇది పిసరంత కాదు.

గుంటూరులోని ఆ ల్యాబులో ఏసీ చలికి అందరూ చున్నీలు కప్పుకుని కూర్చుంటే నజ్మీన్‌కి మాత్రం చెమటలు పట్టాయి. ముందు సిగ్గేసింది. రెండేళ్ళుగా చేస్తున్న పని, చిన్నపిల్లలా తగలేసుకుంది. ఆ సిగ్గు వెనకాలే మెల్లగా సంతోషం తలెత్తింది. ఆ సంతోషాన్ని చూసి ఇంకా సిగ్గేసింది.

ఆమె వెతికేవి ఫ్లోరిన్ రసాయనాలు. దోసె పెనానికి అంటకుండా, వానకోటు తడవకుండా చేసేవి అవే. మహా పనిమంతులు, కాకపోతే వాటికి చావు లేదు. ఎండకి చావవు, నేలలో కుళ్ళవు. నీళ్ళతో పాటు పోయి చేపల్లో, చేపల్ని తిన్న కొంగల్లో, కొంగలు పెట్టే గుడ్లలో చేరి కూర్చుంటాయి. అద్దంకి అవతల పల్లెలో, మిరప కల్లాల మీద కప్పే పట్టాలకి వాన నిలవకుండా పూత పూసే షెడ్లు కొన్నాళ్ళ కిందట వెలిశాయి. షెడ్ల మురుగు ఒక కాలవలో పడి కుంటలోకి పోతుంది. నజ్మీన్ ఆ కాలవ నీళ్ళు పట్టింది. కుంటలో తుమ్మచెట్ల మీద గూళ్ళు కట్టిన నత్తగుల్ల కొంగల గుడ్లు, గాలికి కింద రాలినవి, అటవీశాఖ వాళ్ళ అనుమతితో ఏరింది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కాలవ గట్టునే ఉన్న జోహరాబీ ఇంట్లో బాతుగుడ్లు కూడా పట్టుకొచ్చింది.

జోహరాబీ ఆమెకి పెద్దమ్మ. తల్లి పోయాక నజ్మీన్‌ని పెంచింది ఆవిడే. నిన్ను చదివించింది నేను కాదే, నా బాతులు అని వేళాకోళమాడేది. అందులో అబద్ధమేమీ లేదు. పొద్దున్నే బాతులు కాలవలో దిగడం, సాయంత్రం గట్టెక్కడం, వాటి గుడ్లు అద్దంకి సంతకి పోవడం, ఆ ఇంటికి తెలిసిన బతుకుతెరువు అదొక్కటే. ఇప్పుడు కొంగగుడ్లలో ఎంత ఉందో బాతుగుడ్లలోనూ దాదాపు అంతే ఉంది. ఆ మాట కాగితమ్మీద పడితే పెద్దమ్మ గుడ్డు కొనేవాడుండడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఊళ్ళు లేనట్టు పోయి పోయి పెద్దమ్మ పెరడే దొరికింది ఈవిడగారికి.

బ్లాంకు చెడితే ఆ గుడ్ల లెక్క చెల్లదు. సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే అక్కణ్ణుంచి.

ల్యాబు చూసుకునే జ్యోతిర్మయి మేడం కంప్యూటర్ తెర వంక చూసి నిట్టూర్చింది. నమూనాలు తీసిన రోజున ఏం వేసుకున్నావు, చేతులకి క్రీము రాసుకున్నావా, ప్యాకెట్లలోవి ఏమైనా తిన్నావా అని ఒకటొకటే అడిగింది. పాత నూలు బట్టలే వేసుకున్నానండి, క్రీము లేదండి, పెద్దమ్మ ఇంట్లో అన్నమే తిన్నానండి అంది నజ్మీన్. వానకోటు సంగతేమిటంది మేడం. తుపాను ముసురు కదా, బ్యాగులో ఉందండి అంది. ఆ కోటుని బ్యాగులోంచి తియ్యనే లేదన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. మేడం నాలుగు చీవాట్లు పెట్టి, బ్యాచ్ అంతా పక్కన పెట్టేసి మళ్ళీ తీసుకురమ్మంది. కొత్త గుడ్లు కూడా అదే మాట చెబుతాయని నజ్మీన్‌కి తెలుసు. అయినా ప్రస్తుతానికి గండం గడిచింది.

గడిచిందనుకుంటే కాలు ఒకచోట నిలవాలి కదా. బ్రాడీపేటలో తను ఉండే హాస్టలు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. టీ పెట్టుకుని తాగడం మర్చిపోయింది. ఉతికిన బట్టలే మళ్ళీ నానబెట్టింది. ఆమెని తినేస్తున్నది ఒకటే సంగతి. ఈ రసాయనాలు ఒకటి కాదు, ఒక గుంపు. ఎక్కణ్ణుంచి వచ్చాయన్నదాన్ని బట్టి గుంపులో ఎవరెంతమంది అన్నది మారుతుంది. కోటు నుంచి అంటుకుంటే ఒక రకంగా ఉండాలి. బ్లాంకులో ఉన్న గుంపు అచ్చం కాలవ నీళ్ళలో ఉన్న గుంపే, కాస్త పలచబడిందంతే. బ్లాంకు సీసా కాలవలో మునగలేదు. దాన్ని తనే పెద్దమ్మ ఇంటి పిట్టగోడ మీద పెట్టింది. కుంట దగ్గర గుడ్లు ఏరుకుని వచ్చేసరికి అక్కడే ఉంది. ఒక్కటే తేడా, తీసి పెట్టిన మూత బిగించి ఉంది. పెద్దమ్మకి మూతలేని గిన్నె కనపడితే చెయ్యి ఊరుకోదు, ఆవిడే పెట్టి ఉంటుందిలే అని అప్పుడు అడగలేదు.

ఆదివారం బస్సెక్కింది. దారి పొడుగునా పత్తి తీతలు. ముసురుకి తడిసి నల్లబడ్డ పత్తిని కూలీలు తిట్టుకుంటూ తీస్తున్నారు. నజ్మీన్‌కి ఏదీ కంటికి ఆనలేదు.

పెద్దమ్మ ఇంటి ముందు మామూలు సందడే. ఆ వీధి మొత్తానికి తియ్యటి నీళ్ళ బోరు అదొక్కటే, సాయంత్రమైతే బిందెలు వరస కడతాయి. ఎదురింటి సుబ్బరావమ్మ అప్పటికే ఒక బిందె నింపుకుని రెండోది కుళాయి కింద పెట్టింది. పొద్దున ఆమె పులిహోర పంపిన గిన్నె కూడా అక్కడే ఉంది, అందులో పెద్దమ్మ పెట్టిన బాతుగుడ్లతో. ఏ ఇంటి గిన్నె వచ్చినా దాన్ని ఖాళీగా తిరిగి పంపడం జోహరాబీకి చేతకాదు. ఏమీ లేకపోతే గుప్పెడు పండుమిరపకాయలైనా వేసి పంపుతుంది. కనిగిరి వైపు చుట్టాలొస్తే ఆవిడ ముందు మంచినీళ్ళే ఇస్తుంది. మీ నీళ్ళకి పళ్ళు గారపడతాయి, మావి తాగి చూడండి అంటుంది. ఫ్లోరైడు పరీక్ష చేసినవాళ్ళు ఈ బోరుకి ఢోకా లేదన్న సంగతి ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

నజ్మీన్ చెప్పులు విడవకముందే గ్లాసు చేతికొచ్చింది. సగం తాగి అడిగింది.

“పెద్దమ్మా, మొన్న నేను గోడ మీద పెట్టిన సీసా ఎవరన్నా ముట్టుకున్నారా?”

జోహరాబీ మొహం తేలు కుట్టిన దొంగలా అయింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

“కోప్పడనులే. చెప్పు.”

“బాతు పడదోసిందే. నీళ్ళన్నీ పోయినయ్. గుంటూరు నుంచి మోసుకొచ్చావు, నీ పరీక్ష ఏమయిపోద్దోనని నాకు కాళ్ళూ చేతులూ ఆడలా.”

“మరి సీసా నిండానే ఉంది కదా?”

“ఖాళీ సీసా ఎట్టా పంపేది? శుభ్రంగా తొలిచి మన బోరు నీళ్ళు పట్టి పెట్టా. మంచినీళ్ళే కదే. మురికినీళ్ళేం పొయ్యలా.”

నజ్మీన్ నోటిదాకా ఎత్తిన గ్లాసు దించేసింది. బ్లాంకు చెడింది తన చేతులతో కాదు. ఆ సీసాలో ఉన్నది ఈ వీధి తాగే నీళ్ళు. కాలవ నీరు కిందికి ఇంకి బోరులోకి వచ్చేసింది. అంటే కాలవ లెక్కా నిజమే, గుడ్ల లెక్కా నిజమే, వాటికి తోడు ఇదొకటి. బాతుల్ని దాద్దామనుకుంటే బోరు బయటపడింది.

ఇంకా దాయొచ్చు. ఆ బుద్ధి పుట్టలేదంటే అబద్ధం. కోటు మీద నేరం ఎలాగూ పడింది, మేడం నమ్మింది. బాతు సంగతి తెలిసినవాళ్ళు ఈ గుమ్మంలో ఇద్దరే. అటు చూస్తే సుబ్బరావమ్మ రెండో బిందె మీద గుడ్డ కప్పుతోంది. ఆమె కోడలు నిండు నెలలతో ఉంది. ఆ నీళ్ళు తాగేది ఆ పిల్లే.

“అత్తా, ఆ నీళ్ళు తాగటానికి వాడకండి. మళ్ళీ పరీక్ష చేసేదాకా అంట్లకీ బట్టలకీ తప్ప వాడకండి,” అంది నజ్మీన్.

సుబ్బరావమ్మ జోహరాబీ వంక చూసింది. జోహరాబీ నవ్వబోయి ఆగింది. ఫ్లోరైడేమన్నా వచ్చిందా అని అడిగింది. అది కాదు, షెడ్ల మందు అని చెప్పింది నజ్మీన్. కాచి తాగితే పోదా అంది పెద్దమ్మ. పోదంది. కనపడదు, వాసన రాదు, ఏళ్ళ తరబడి తాగితే ఒంట్లో పేరుకుంటుందని, కడుపులో బిడ్డకీ మంచిది కాదని చెప్పింది. బాతుల మాట పెద్దమ్మ అడక్కముందే తనే చెప్పేసింది, అడిగాక చెప్పే ధైర్యం ఉండదని. గుడ్లలోనూ ఉంది పెద్దమ్మా, చాలా ఉంది అంది.

సుబ్బరావమ్మ నిండు బిందెలు రెండూ అక్కడే వదిలి, గుడ్లున్న గిన్నె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. జోహరాబీ ఆ గిన్నె వంక చూస్తూ నిలబడింది. ఆ ఇంటి నుంచి ఒకరు గిన్నె వదిలేసి పోవడం ఆవిడ ఎన్నడూ ఎరగదు.

నజ్మీన్ ఫోను తీసి అక్కడే, పెద్దమ్మ వింటుండగానే మాట్లాడింది. “మేడం, నేను కోటు బ్యాగులోంచి తియ్యలేదండి. మీకు అప్పుడే చెప్పాల్సింది. బ్లాంకు అనుకున్నది బోరు నీళ్ళండి, తాగే నీళ్ళు.” మేడం, రేపు పొద్దున సీసాలు తీసుకుని నేనూ వస్తాను, ఊళ్ళో అన్ని బోర్ల నీళ్ళూ పట్టుకుందాం అంది.

ఫోను పెట్టేసేసరికి జోహరాబీ ఎదురుగా వచ్చి నిలబడింది. కోపం చూపిస్తుందనుకుంది నజ్మీన్. బాతులు పోతే ఏం తినాలే అంటుందనుకుంది. ఆవిడ అడిగింది వేరు.

“పోయినేడు నీకు జ్వరమొస్తే నెల్లాళ్ళు ఇక్కడే ఉంచుకుని తాగించింది ఈ నీళ్ళే కదే?”

నజ్మీన్ తలూపింది. ఏడుపు ఆగలేదు.

జోహరాబీ ఆమె చేతిలోంచి సగం గ్లాసు గుంజుకుంది. విసురుగా పెరట్లోకి నడిచింది. కరివేపాకు మొక్క దగ్గర గ్లాసు వంచబోయి ఆగింది. బాతుల తొట్టి దాకా పోయింది, పొయ్యలేదు. కాలవ గట్టు మీదికెళ్ళి నిలబడి కిందికి చూసింది.

“ఏడ పొయ్యనే వీటిని?” అంది వెనక్కి తిరక్కుండానే.

ఆవిడ చేతిలో గిన్నెలాంటిది కనపడేసరికి మేత అనుకుని బాతులన్నీ కాలవలోంచి గట్టెక్కి ఆమె కాళ్ళ చుట్టూ చేరాయి.