తడి నుదుటి మీద పచ్చ లైటు

నేను ఒక జ్వరం చూసే యంత్రాన్ని. నుదుటికి బెత్తెడు దూరంలో పెట్టి మీట నొక్కితే అంకె చెబుతాను. జ్వరం లేకపోతే పచ్చగా, ఉంటే ఎర్రగా వెలుగుతాను. కరోనా రోజుల్లో నన్ను హడావిడిగా బిగించి, అట్టపెట్టెలో పెట్టి పంపేశారు. మళ్లీ వెలుతురు చూసేసరికి ఒక ఆసుపత్రిలో సిబ్బంది గేటు దగ్గర ఉన్నాను. పిస్తోలులా ఉంటానేమో, మొదటిరోజు కాంపౌండరు నన్ను చూసి రెండు చేతులూ పైకెత్తేశాడు. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా నా ముందు జుట్టు సవరించుకుని, గుళ్లో నిలబడ్డట్టు కళ్లు మూసుకునేవారు.

కొన్నాళ్లు వాచ్‌మన్ చేతిలో ఉండి, తర్వాత వార్డు ఆయా నూకాలమ్మ చేతికి వచ్చాను. ఆవిడకు స్టాఫ్ నర్సు ప్రిస్కిల్ల అంటే ప్రాణం. ప్రిస్కిల్లకు పెళ్లయి నాలుగు నెలలు. మొగుడు బండి మీద దింపి వెళ్తుంటే, మలుపు తిరిగేదాకా చూసి గానీ లోపలికి వచ్చేది కాదు.

"సాల్లేవే పిల్లా, సాయంత్రం మల్లీ వస్తాడులే!" అని నూకాలమ్మ ఆటపట్టించేది.

టీకాలొచ్చాయి. నర్సులకు ముందు వేశారు. ఆయాలు భయపడితే ప్రిస్కిల్లే కూర్చోబెట్టి చెప్పింది. "ఒకటి రెండు రోజులు జ్వరం వస్తే కంగారు పడకండి. మూడో రోజు కూడా ఉంటే మాత్రం టీకా జ్వరమని సరిపెట్టుకోవద్దు. పరీక్ష చేయించుకోవాలి." ఆ మాట మీద నమ్మకంతో నూకాలమ్మ మొదటి డోసు వేయించుకుంది.

తర్వాతి వారం ప్రిస్కిల్లకు రెండో డోసు పడింది. మర్నాడు నేను ఎర్రగా వెలిగాను. "టీకా జ్వరమే అత్తా" అని నవ్వి, ఇంటికెళ్లి పడుకుంది.

మూడో రోజు తిరిగొచ్చింది. ఏడాదిగా తలోమూల గోడకేసి తిరిగి తిన్న నర్సులంతా, డోసులు పూర్తయ్యాయని, ఆ మధ్యాహ్నం కలిసి భోంచేద్దామనుకున్నారు. ప్రిస్కిల్ల చేతిలో పనసపొట్టు కూర గిన్నె. కొత్త కాపురంలో మొదటిసారి వండిందట. నేను మళ్లీ ఎర్రగా వెలిగాను.

"మూడ్రోజులైపోనాది గదే. పరిచ్చ సేయించుకోమని నువ్వే సెప్పినావు" అంది నూకాలమ్మ.

"ఎండలో వచ్చాను, అందుకే."

కుళాయి దగ్గరకెళ్లి మొహం కడుక్కుంది. తుడుచుకోలేదు. నన్ను లాక్కుని తన నుదుటి మీద తనే పెట్టుకుంది. తడి చర్మం మీద అంకె తగ్గుతుందని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. తొంభై ఎనిమిది. పచ్చగా వెలిగాను.

"చూశావా!"

నూకాలమ్మ నమ్మింది. మధ్యాహ్నం ప్రిస్కిల్ల కూర కలిపి మొదటి ముద్ద ఆవిడకే పెట్టింది.

మర్నాటికి ప్రిస్కిల్లకు కాఫీ వాసన తెలియలేదు. వారంలో మరో ముగ్గురు నర్సులకు కరోనా సోకింది. నలుగురూ ఇంట్లోనే దగ్గి, నీరసపడి, తిరిగి డ్యూటీకొచ్చారు. నూకాలమ్మకు మాత్రం పదకొండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. జబ్బు అంటుకునేనాటికి మొదటి డోసు పడి పది రోజులే, ఇంకా బలం పుంజుకోలేదని డాక్టరుగారన్నారు.

బతికింది. సగమై తిరిగొచ్చి, నన్ను పట్టుకుని గేటు దగ్గర కూర్చుంది. టీకా రోజున వరసలో ఉన్న ఆయాలతో అంది: "ఒద్దే. సూదిమందు పన్సెయ్యదు. నాను ఏయించుకుని గూడా సచ్చి బతికేను."

వరస చెదిరిపోయింది. ఏడుగురు వెనక్కి తిరిగారు.

అప్పుడే లోపలికొస్తున్న ప్రిస్కిల్ల ఆగిపోయింది. జబ్బు ఎవరి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. మాట్లాడకుండా వెళ్లిపోయినా అడిగేవాళ్లు లేరు.

"టీకా తప్పు కాదు అత్తా" అంది, అందరికీ వినిపించేలా. "నాది. ఆ రోజు నాకు జ్వరం ఉంది. తడి మొహం మీద చూపించాను. టీకా ఉండబట్టే మేం నలుగురం తేలిగ్గా బయటపడ్డాం. నీకది పట్టేలోపే నేను అంటించాను."

నూకాలమ్మ చెయ్యి నా మీద బిగుసుకుంది.

"తెలిసే సేసినావా?"

"తెలిసే."

 నూకాలమ్మ ఆయాల వైపు తిరిగింది. "ఇన్నారు గదా. సూదిది కాదు తప్పు. జబ్బుపడి లేసినాను గదా, నాకు రెండోది మూడు నెల్లదాకా ఇయ్యరంట. మీరెల్లండి."

ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. నూకాలమ్మ నన్ను ప్రిస్కిల్ల నుదుటి ముందుకు ఎత్తి, అంకె చూసి, దించింది.

"ఎల్లండి, సిస్టరుగారూ" అంది. అంతకుముందెప్పుడూ ఆవిడ ప్రిస్కిల్లను అలా పిలవలేదు.

ఇప్పుడు నేను స్టోరు గదిలో, బ్యాటరీలు తీసేసి, కాలం చెల్లిన చేతి తొడుగుల కింద ఉన్నాను. ప్రిస్కిల్ల సిగ్గు నలుగురి ముందూ బయటపడి ఆమెను కాస్తయినా తేలికపరిచి ఉంటుంది. నాకు ఆ అవకాశం రాలేదు. ఆ రోజు అబద్ధం ఆమె ఆడింది. పచ్చగా వెలిగింది నేను.