లిస్బన్ వద్దన్న శనివారం

ఏటా ఫిబ్రవరి మొదటి శనివారం డెలిత్ వచ్చిందంటే, మే నెలాఖరు సెలవులకి ఏ ఊరు వెళ్ళాలో ఆ పూటే తేలిపోవాలి. సోమవారం ఎలాగూ సెలవు, శుక్రవారం ఇంకోటి పెట్టుకుంటే నాలుగు రోజులు. వేల్స్‌లోని స్వాన్సీలో, నెరిస్ వంటింటి బల్ల దగ్గర ఈ స్నేహితురాళ్ళిద్దరికీ పదకొండేళ్ళుగా ఇదే తంతు. ఇద్దరూ చెరో మూడు ఊళ్ళు రాసుకొస్తారు, వాదించుకుంటూ ఒక్కొక్కటే కొట్టేస్తారు. ప్రాగ్, సెవిల్, క్రాకోవ్ అన్నీ అలా తేలినవే.

నిరుడు లిస్బన్ అనుకున్నారు గానీ కుదరలేదు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో నెరిస్ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషను, ఆ తర్వాత నెలల తరబడి మందులు. "నువ్వు లేచి తిరిగేదాకా లిస్బన్ ఎక్కడికీ పోదు. ఇద్దరం కలిసే చూస్తాం" అని డెలిత్ మాటిచ్చింది. జుట్టు రాలుతున్న రోజుల్లో నెరిస్ ఆ ఊరి ఫోటోలు చూసుకుంటూ పొద్దుపుచ్చింది.

ఈసారి నెరిస్ కాగితంలో ఒక్క పేరే ఉంది. డెలిత్ దాన్ని చూసి టీ కప్పు కిందపెట్టింది.

"లిస్బన్ ఇప్పుడెందుకే? గెంట్ వెళ్దాం. హాయిగా చదునుగా ఉంటుందట."

"చదునుగా ఉండటానికి మనమేమన్నా ముసలమ్మలమా?"

"నీ ఒంట్లో ఓపిక చూసుకోవద్దూ? లిస్బన్ అంతా కొండలే, పైకెళ్ళే ఆ ట్రాములో నిలబడ్డానికి కూడా చోటుండదు. తీరా పైదాకా వెళ్తే అక్కడి మరుగుదొడ్డికి తాళం. మళ్ళీ ఆ మెట్లన్నీ దిగి, కింద చేపల కొట్టు పక్కకి రావాలి."

నెరిస్ నవ్వబోయి ఆగిపోయింది. ఆ ఊరి గురించి దొరికిందల్లా చదివింది తను. చేపల కొట్టు సంగతి ఎక్కడా లేదు.

"ఎవరితో వెళ్ళావు?" అంది మెల్లగా.

డెలిత్ మెడ ఎర్రబడింది. "మెన్నాతో" అంది. మెన్నా అంటే డెలిత్ పనిచేసే బడిలో ఇంకో టీచరు.

"ఎప్పుడు?"

డెలిత్ కాగితం అంచు మడుస్తూ కూర్చుంది. "ముందటేడు అక్టోబర్లో" అంది చివరికి.

నెరిస్ ఆపరేషను ఆ అక్టోబర్లోనే. ముందురోజు డెలిత్ ఫోను చేసి ఏడ్చింది. అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, తను అమ్మ ఉండే టెన్బీ వెళ్ళక తప్పదు, ఆసుపత్రికి రాలేనంది. నెరిస్ తిరిగి ఆమెకే ధైర్యం చెప్పింది. కుట్లు సలుపుతుంటే, మంచం మీంచే ఆ ముసలమ్మకి త్వరగా కోలుకోవాలని కార్డు రాసింది.

"మరి మీ అమ్మ నాకు జవాబు రాసిందిగా. తుంటి కుదుటపడుతోందని."

"నేనే రాయించాను."

అంతవరకూ నెరిస్‌కి కోపం రాలేదు. ఈ మాటతో లోపలేదో తెగినట్టయింది. తన గురించి తల్లీ కూతుళ్ళు కూర్చుని, ఏం రాస్తే నమ్ముతుందో ఆలోచించుకున్నారన్నమాట. తను నమ్మింది. ఆ జవాబుని ఫ్రిజ్ మీద అంటించుకుంది కూడా.

"భయమేసింది నెరిస్," అంది డెలిత్. "మా అక్క అదే జబ్బుతో నా కళ్ళ ముందే పోయింది. నీ మంచం పక్కన కూర్చోవడం నా వల్ల కాలేదు. మెన్నా దగ్గర టికెట్ ఒకటి మిగిలిపోయిందంటే, పారిపోయాను."

"ఆ మాట నాతో చెప్పుంటే సరిపోయేది."

"చెప్తే నువ్వు సరే, వెళ్ళిరా అనేదానివి. నీ మంచితనాన్ని మోస్తూ అక్కడ ఎలా తిరగను?"

"అందుకని నీ అబద్ధాన్ని నన్ను మోయమన్నావా?"

డెలిత్ ముందుకొంగి చెయ్యి పట్టుకోబోతే నెరిస్ కప్పులు తీసే నెపంతో లేచింది. డెలిత్ కోటు వేసుకుని వెళ్ళేదాకా విప్పిన కుళాయి కట్టేయలేదు.

మే నెలలో నెరిస్ ఒక్కతే ఇటలీలోని బొలోన్యా వెళ్ళింది. లిస్బన్ పేరు తలచుకోవడానికే మనసొప్పలేదు. బొలోన్యాలో మూడు రోజులు వాన. వీధుల పొడవునా కప్పున్న వరండాలు కాబట్టి తడవకుండానే తిరిగింది. ఒక మధ్యాహ్నం హోటల్లో పక్క బల్ల దగ్గర పెద్దాయన పాస్తా తింటూ మీసాన్నీ కొరికేసుకుంటుంటే, నవ్వాపుకుంటూ డెలిత్ వైపు తిరిగింది. ఖాళీ కుర్చీ. పదకొండేళ్ళ అలవాటు ఇంకా ఒంట్లోనే ఉందని తన మీద తనకే ఒళ్ళు మండింది. ప్లేటు సగంలో వదిలేసి బయటికొచ్చి, ఒక స్తంభానికి ఆనుకుని తనివితీరా ఏడ్చింది.

తిరిగొచ్చిన వారానికి అంగట్లో డెలిత్ ఎదురైంది. మనిషి కాస్త చిక్కింది.

"ఎలా ఉంది ఊరు?"

"బాగుంది."

"ఏమేం చూశావు?"

చెప్పడానికి బోలెడున్నాయి. ఆ పెద్దాయన మీసం సంగతి చెప్తే డెలిత్ కడుపు పట్టుకుని నవ్వేది కూడా. నెరిస్ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

"వాన," అంది. "మీ అమ్మని అడిగానని చెప్పు." చేపలవాడి దగ్గర తన వంతు రావడంతో అటు తిరిగింది.